వెనక్కి చూసే హంస

"అవ్వా, జర జరుగు. చీర కనబడ్తలేదు."

పక్కన కూర్చున్న ముసలామె జరిగింది.

గద్వాల టాకీసులో మధ్యాహ్నం ఆట. నేల టికెట్టులో, తెరకు దగ్గరగా, కురుమూర్తి మోకాళ్ల మీద గళ్ల కాగితం పరుచుకుని కూర్చున్నాడు. తెర మీద రాణి ఊయల ఎక్కింది. పాట మొదలైంది. పెన్సిలు పరుగెత్తింది.

అది ముప్పై ఏళ్ల నాటి నలుపు తెలుపు సినిమా. ఆ పాటలో రాణి కట్టిన గద్వాల చీర నేసింది తన తండ్రి సీతారాములు. ఈ మాట కురుమూర్తి చెప్పని గడప ఊళ్లో లేదు.

అందుకే వనపర్తి నుంచి చెన్నయ్య సేటు వెతుక్కుంటూ వచ్చాడు.

"మా బిడ్డ పెండ్లికి ఆ ఊయల పాట చీరనే కావాలె. అచ్చం మీ నాయన నేసినట్లే."

"నేనున్న గద సేటూ! కండ్లు మూసుకొని నేస్త."

తీరా చూస్తే ఇంట్లో మచ్చుకు ముక్క కూడా లేదు. తండ్రి లేడు. తల్లి అనంతమ్మను అడిగితే "నాకు యాది లేదు" అని పొయ్యి వైపు తిరిగింది. అంతలో అదే సినిమా మళ్లీ ఊరికి రావడం అదృష్టం. ఆట వారం రోజులు, పాట నాలుగు నిమిషాలు. రోజుకింత చొప్పున అంచు గీసుకుంటున్నాడు. తేడా వస్తే పోయేది తండ్రి పేరు.

"ఆ ఏడో హంస ఎన్కకు తిరిగి చూస్తది బిడ్డా," అంది ముసలామె. "గట్లనే గియ్యి."

"మడతల గట్ల కనబడ్తుంది అవ్వా. మా నాయన తప్పు నెయ్యడు."

"మీ నాయన నేసిండా?"

"ఇంకెవరు? సీతారాములంటే గద్వాలల తెల్వనోళ్లున్నరా?"

"మంచిగున్నడా?"

"పోయి పదేండ్లాయె."

ముసలామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పాటకు కరిగిపోయింది కాబోలు అనుకున్నాడు కురుమూర్తి.

పాట అయిపోగానే ఆమె లేచి వెళ్లిపోయింది.

"దినాం గంతే," అన్నాడు గేటు దగ్గర ఎల్లన్న. "పాట గాంగనే పోతది. కొత్తకోటల ఆడినప్పుడు గాడికి, వనపర్తిల ఆడినప్పుడు గాడికి పోయిందంట. సినిమా పిచ్చి!"

మర్నాడు మళ్లీ పక్కనే కూర్చుంది.

"రంగు ఏమేస్తవు బిడ్డా?"

"ఎరుపు."

"ఎవరు చెప్పిండ్రు?"

"నవల! ఈ సినిమా ఆ నవలకెల్లే తీసిండ్రు. గ్రంథాలయంల తెచ్చుకొని నాలుగుసార్లు చదివిన. ఊయల ఎక్కిన రాణిది ఎర్ర చీర. పన్నెండో ప్రకరణం."

"నవలల ఎర్రగుండొచ్చు. ఇది మామిడిపిందె పచ్చ."

కురుమూర్తికి నవ్వాగలేదు.

"నలుపు తెలుపు సినిమాల పచ్చ కనబడ్డదా? నీ కండ్లు మస్తున్నయ్ అవ్వా!"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆఖరి రోజు కొంగు గీయడం మిగిలింది. పాట సగంలో ఉండగా ముసలామె వేలు కాగితం మీదికి వచ్చింది.

"బిడ్డా, గా హంసను..."

కురుమూర్తికి ఒళ్లు మండింది.

"ఎన్నడన్న మగ్గం గుంతల కాలు పెట్టినవా? నాకు నేర్పనీకె వచ్చినవ్! జరిగి కూసో!"

ఆమె అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసింది.

"తప్పాయె బిడ్డా. మంచిగ నెయ్యి."

మొదటిసారి, పాట పూర్తి కాకముందే లేచి వెళ్లిపోయింది.

ఇరవై రోజుల్లో చీర మగ్గం దిగింది. ఎర్రని చీర, బంగారు అంచు, వరుసగా ముందుకే నడిచే హంసలు. వాడకట్టంతా వచ్చి చూసి మెచ్చుకుంది. కురుమూర్తి చీరను తెచ్చి తల్లి ఒళ్లో పెట్టాడు.

అనంతమ్మ అంచును వేళ్లతో తడిమింది. చాలాసేపు తడిమింది.

"మంచిగుంది. గానీ ఇది గాదు బిడ్డా."

"ఏంది?"

"ఇగ దాచను. ఆ చీర మామిడిపిందె పచ్చ. ఏడో హంస ఎన్కకు చూస్తది."

కురుమూర్తి దిగ్గున లేచాడు. చెప్పులు కూడా వేసుకోకుండా టాకీసుకు పరుగెత్తాడు.

"ఎల్లన్నా, ఆ అవ్వది ఏ ఊరు?"

"తెల్వదు. సినిమా ఏడాడితే ఆమె ఆడ. ఇగ ఏడా ఆడదు గానీ. రీలు అరిగిపోయిందని డబ్బా వాపసు పంపిండ్రు. ఆఖరి దినమే గా సంగతి చెప్తే గేటు కాడ్నే కూలబడి ఏడ్సింది."

కురుమూర్తి అక్కడే నిలబడ్డాడు. తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ చీరను ఆమె ఎక్కడ చూసింది?

ఇంటికి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"పెండ్లికి ఇంకా నెల ఉంది. మళ్ల నేస్త, పచ్చగనే. ఒక్కటి చెప్పమ్మా, నాయన ఆ హంసను ఎందుకు తిప్పిండు?"

అనంతమ్మ చీర మడత పెట్టింది. కళ్ల నిండా నీళ్లు.

"మీ నాయనకు అప్పుడు చెయ్యిరిగింది బిడ్డా. తనకు ఇష్టం లేని లగ్గం చేసుకుంటే మళ్ల ఈ గడప తొక్కొద్దని ఆయన అన్నా, మీ మేనత్త కిష్టమ్మ, అన్న పరువు పోవద్దని ఆయన పేరు మీద చీర నేసిచ్చి, మగ్గం దించిన పొద్దే ఇల్లిడిసి పోయింది. నేను చూడకున్నా నా హంసైనా పుట్టింటి దిక్కు చూడనీ అని తిప్పింది."