పదో అంకె

“ఇంకోసారి ఈ నంబరుకి ఫోన్ చేశారంటే పోలీసులకి పట్టిస్తాను!” అని అరిచి ఫోన్ పెట్టేసింది తేజస్వి. పెట్టేసి ఊరుకోలేదు, ఎప్పటిలాగే ఆ నంబరుని అక్కడికక్కడే బ్లాక్ చేసింది.

ఏలూరులో సెల్‌ఫోన్ రిపేరు కొట్టు నడిపే ప్రసాదరావు చేతిలో పని ఆపి తలెత్తాడు. “మళ్లీ మోసగాళ్లేనాండీ?”

“లింకు పంపుతారంట, అది నొక్కితే మా నాన్న కనపడతారంట. నొక్కానంటే నా ఫోన్లో ఉన్నదంతా ఊడ్చుకుపోతారు. మా నాన్న తప్పిపోయి పన్నెండు రోజులైందండీ. రోజూ ఇలాంటివాళ్లే. నిజంగా చూశామని చెప్పినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు!”

ప్రసాదరావు తన ఫోన్లో ఆమె పేజీ తెరిచాడు. పైన వాళ్ల నాన్న పెద్దింటయ్య ఫొటో. ద్వారకా తిరుమల కొండ మీద తప్పిపోయారని, మతిమరుపని, పేరు కూడా చెప్పలేరని నాలుగు ముక్కలు. కింద ఎర్రటి అక్షరాల్లో తేజస్వి నంబరు. ఉద్యోగాల కోసం తను కట్టుకున్న సొంత వెబ్ పేజీ అది. బయోడేటా అంతా పీకేసి నాన్నని పెట్టింది. ఆ లింకు మండవల్లి నుంచి తాడేపల్లిగూడెం దాకా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది.

“ఏవండీ, ఇందులో మీ నంబరు తొమ్మిది అంకెలే ఉందేంటండీ?”

“తొమ్మిదేంటండీ, పది కదా!” తేజస్వి తన ఫోన్లో చూసుకుంది. పదీ ఉన్నాయి. అతని ఫోన్ లాక్కుని చూసింది. తొమ్మిదే! చివర ఉండాల్సిన ఏడు తెర అంచు దాటి ఎటో పోయింది. వేలితో ఎంత జరిపినా రాలేదు.

ఆమె స్టూలు మీద కూలబడింది. పేజీ కట్టిన రోజున తన లాప్‌టాప్‌లో చూసుకుంది, తన ఫోన్లో చూసుకుంది, దివ్యంగా ఉందనుకుంది. లోకంలో అందరి చేతుల్లోనూ తన ఫోనే ఉంటుందా? అందరూ తను వాడే బ్రౌజరే వాడతారా? చదివిన చదువంతా ఏ గంగలో కలిసినట్టు!

“చూసినవాళ్లు మాత్రం ఎవరికి చేస్తారండీ? నా చేతులారా నేనే పోగొట్టుకున్నాను నాన్నని” అంది.

“అలా అనకండి. ఇప్పుడే సరిచేద్దాం.” ప్రసాదరావు సొరుగు లాగి, పాత ఫోన్లన్నీ బల్ల మీద పరిచాడు.

తేజస్వి కళ్లు తుడుచుకుని లాప్‌టాప్ తెరిచింది. ఒక్కో బ్రౌజరుది ఒక్కో తిక్క. ఒకదానిలో నంబరు సరిగ్గా వచ్చిందనుకుంటే, రెండోదానిలో నాన్న ఫొటో వచ్చి నంబరు మీద కూర్చుంది. ఫొటో జరిపితే మూడోదానిలో తెలుగంతా డబ్బాలైపోయింది. అది సరిచేసేసరికి మొదటిది మళ్లీ మొదటికొచ్చింది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, ఆ ధ్యాసే లేదు. మధ్యాహ్నం మూడింటికి బల్ల మీది ఫోన్లన్నిటిలోనూ పది అంకెలూ నిలబడ్డాయి.

అప్పుడే ఒక పెద్దావిడ కొట్టులోకి వచ్చింది. “బాబూ, దీనికి ఛార్జింగ్ ఎక్కట్లేదు, చూడు.”

“రండి బుల్లెమ్మగారూ” అన్నాడు ప్రసాదరావు.

“పిన్నిగారూ, ఒక్క నిమిషం మీ ఫోన్ ఇస్తారా? ఒక పేజీ చూసుకుని ఇచ్చేస్తాను.” తేజస్వి చెయ్యి చాచింది. అందులో బ్రౌజరు ఏదో ఆమె ఎప్పుడూ పేరు కూడా విననిది. పేజీ తెరుచుకుంది. పది అంకెలూ ఉన్నాయి! ప్రాణం లేచొచ్చినట్టయింది. నొక్కితే ఫోన్ వెళుతుందో లేదో అని నంబరు మీద నొక్కింది.

చేతిలో ఉన్న తన ఫోన్ మోగలేదు. మళ్లీ నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ప్రసాదరావు తన ఫోన్లోంచి నొక్కాడు. వెంటనే మోగింది.

“అయ్యో రామా, ఈ ఒక్కదానిలోనే పనిచేయట్లేదండీ!” ఏడుపు గొంతుతో తేజస్వి మళ్లీ లాప్‌టాప్ మీదికి వంగింది.

బుల్లెమ్మ తన ఫోన్ తీసుకుని తెర వైపు చూసింది. “ఈ పెద్దాయన కోసమా అమ్మా? ఈయన గుండుగొలనులో మా టిఫిన్ హోటల్లో రెండు రోజులున్నారు.”

తేజస్వి ఒక్క ఉదుటున లేచింది. “మరి ఫోన్ చేయలేదేంటండీ!”

“చేయకపోవడమేంటమ్మా! అప్పుడు ఈ పేజీలో నంబరు చూస్తే తొమ్మిది అంకెలే ఉంది. మా కోడలు సున్నా నుంచి తొమ్మిది దాకా చివర ఒక్కోటీ పెట్టి, ఈ ఫోన్లోంచే పదిసార్లు చేసింది, ఆదివారం. అందరూ మాకు తెలియదన్నారు. ఏడు పెట్టినప్పుడు ఒకావిడ ఎత్తింది. ‘మీ నంబరు చివర ఏడేనాండీ’ అని అడిగిందో లేదో, ఇంకోసారి చేస్తే పోలీసులకి పట్టిస్తానని అరిచి పెట్టేసింది. మళ్లీ చేస్తే కలవనే లేదు.”

తేజస్వి తన ఫోన్లో బ్లాక్ చేసిన నంబర్ల జాబితా తెరిచింది. ఆమె ఫోన్ వైపు ఒకసారి, ఆమె మొహం వైపు ఒకసారి చూసి ప్రసాదరావే అడిగాడు. “ఇప్పుడా పెద్దాయన మీ దగ్గరే ఉన్నారాండీ?”

“లేరు బాబూ. మర్నాడు పొద్దున్నే పోలీస్ స్టేషన్లో అప్పజెబుదామనుకున్నాం. ఈలోపే, స్పీకర్లో ఆవిడ అరుపు విని ‘మా అమ్మాయే, ఇంకా ఇంటికి రాలేదని కోప్పడుతోంది’ అని నవ్వుకుంటూ లేచి, మేం గిన్నెలు సర్ది చూసేసరికి హైవే పట్టుకుని వెళ్లిపోయారు.”