సాయంత్రం పాలు

“వెన్న సగానికి తగ్గించమని నీకెవరు చెప్పారు?”

కోచ్ వంటగది గుమ్మంలో నిలబడి అరుస్తోంది. బరువులెత్తే ఆడపిల్లల హాస్టలు అది. బయట బల్లల దగ్గర పన్నెండుమంది పిల్లలు కంచాలు ముందు పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు.

“ఎవరూ చెప్పలేదు కోచ్ గారూ. వాళ్ల వాలకం చూసి నేనే తగ్గించాను,” అంది వంటావిడ, మూకుడు కింద మంట తగ్గిస్తూ.

“మూడు వారాల్లో పోటీలు. ఒంటికి కండ పట్టాలా వద్దా? గరిటె తిప్పడం నీ పని. ఎవరేం తినాలో చెప్పడం నా పని. ఇష్టం లేకపోతే మూటాముల్లె సర్దుకుని ఫో!”

వంటావిడకి అరవై దాటాయి. వార్డెన్ సైతం ఆమెను ‘పెద్దమ్మా, మీరు’ అంటుంది. ఒక్క కోచ్ మాత్రమే ‘నువ్వు’ అంటుంది. ఆర్నెల్ల కిందట ఆమె పనిలో చేరిన రోజునే “ఈవిడ వద్దు” అని కోచ్ ఒంటికాలి మీద లేచింది. అప్పటికే ముగ్గురు వంటవాళ్లు మానేసి ఉండటంతో వార్డెన్ వినిపించుకోలేదు.

వంటావిడ ఎక్కడికీ పోలేదు. పోవడానికి రాలేదామె.

సామాన్ల గది తాళం ఆమె దగ్గరే ఉండేది. నెలనెలా పిల్లల కోసం వచ్చే ప్యాడ్ల కట్టలు అక్కడే పెడతారు. మూడు నెలలుగా ఆ కట్టలు విప్పినవాళ్లు లేరు.

పిల్లల్లో అందరికన్నా చిన్నదాన్ని పిచ్చుక అని పిలుస్తారు. పదిహేనేళ్లు. ఆ సాయంత్రం గిన్నెలు అందించే నెపంతో అది వంటగదిలోకి వచ్చింది.

“నీకు నెలసరి వచ్చి ఎన్నాళ్లయిందే?”

పిచ్చుక తలుపు వైపు చూసింది. “ఐదు నెలలు పెద్దమ్మా. బరువులెత్తేవాళ్లకి మామూలేనంది కోచ్ మేడం.” గొంతు బొంగురుగా పలికింది.

“గడ్డం కింద వెంట్రుకలు?”

“పీకేసుకుంటున్నా.”

“వీపు నిండా మొటిమలు. దువ్వితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. అవునా?”

“మీకెలా తెలుసు?”

“తెలుసు. సాయంత్రం పాలల్లో మేడం ఏం కలుపుతుంది?”

“బలం పొడి. డబ్బా ఆవిడ బీరువాలోనే ఉంటుంది. తాగేదాకా ఎదురుగా నిలబడుతుంది.”

మర్నాడు పెద్దమ్మ నేర్పినట్టే పిచ్చుక వాంతి వస్తోందంటూ గ్లాసుతో సహా పెరట్లోకి పరిగెత్తింది. ఆ పాలు సీసాలో పోసుకుని, పిల్లని వెంటబెట్టుకుని, వంటావిడ ఆసుపత్రికి వెళ్లింది.

నాలుగు రోజులకి డాక్టరమ్మ కాగితాలు బల్ల మీద పరిచింది. “ఈ పాలల్లో మగ హార్మోను ఉంది. పిల్ల రక్తంలోనూ ఉండకూడనంత ఉంది. అండం విడుదల ఆగిపోడానికి అదొక్కటే చాలు. పైగా ఆ వెన్నలూ వేపుళ్లూ! ఒంటికి కొవ్వు తిండి కూడా తోడైతే ఆ చెడు ఇంకా పెరుగుతుంది. ఇలాగే సాగితే రేపు కడుపు పండటమే కష్టమవుతుంది.”

“ఇప్పుడు ఆపేస్తే?”

“చిన్న వయసు కదా, తిండి కూడా మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి తీసుకున్నవాళ్ల సంగతి మాత్రం నేను చెప్పలేను.”

వంటావిడ తల దించుకుంది. ఆ మధ్యాహ్నమే ఆ కాగితాలు క్రీడాసంఘానికి పంపి, ఒక నకలు వార్డెన్ చేతిలో పెట్టింది. వార్డెన్ కోచ్‌ని పిలిపించింది.

“నా కొంప ముంచడానికే చేరావు కదూ!” కోచ్ బల్ల గుద్దింది. “పాతికేళ్ల కిందట నేనూ తాగాను ఈ పొడి. మా అమ్మ చేతులారా పాలల్లో కలిపి ఇచ్చింది. పతకం కొట్టాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. చచ్చానా?”

“మీ అమ్మ బుద్ధిలేని మనిషి,” అంది వంటావిడ. “డబ్బా చేతికిచ్చినవాణ్ణి ఇదేమిటి నాయనా అని ఒక్క మాట అడగలేదు.”

“ఆ మాట నువ్వనకు!”

“ఎందుకనకూడదు? పిల్లలున్నారా మీకు?”

వార్డెన్ నివ్వెరపోయింది. కోచ్‌కి మూడుసార్లు కడుపు నిలవలేదనీ, ఆ వంకతోనే మొగుడు వదిలేశాడనీ హాస్టల్లో తెలియనివాళ్లు లేరు. ఆమె ముందు ఆ ఊసెత్తినవాళ్లూ లేరు.

“పెద్దమ్మా, ఇది మరీ అన్యాయం,” అంది వార్డెన్.

కోచ్ లేచి వంటావిడ మొహంలో మొహం పెట్టింది. “నీ అంతు చూస్తాను,” అంది. కళ్లు మూసుకుని వింటే మగవాడి గొంతే అది.

మర్నాడు పొద్దున్నే క్రీడాసంఘం అధికారి పోలీసులతో వచ్చాడు.

“పాలు కాచేది ఆవిడ. పిల్లలకి పోసేది ఆవిడ. నన్నడుగుతారేం?” అని కోచ్ అడ్డం తిరిగింది. బీరువా తెరిపిస్తే ఏడు డబ్బాలు బయటపడ్డాయి. ఆమెను జీపెక్కించారు. పిల్లలు వసారాలో వరసగా నిలబడి చూశారు. పిచ్చుక మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది, పోటీలు పోయినందుకో, మేడం పోతున్నందుకో.

డబ్బాలకి పోలీసులు సీలు వేసేదాకా జీపు వాకిట్లోనే ఉంది. ఈలోగా అధికారి వంటావిడను కూర్చోబెట్టి, ఆమె చెప్పిందంతా రాసుకున్నాడు. చివర్లో కలం ఆపాడు.

“పాత కక్షతో చెప్పారని రేపు వాళ్ల లాయరు అంటాడు. ఆవిడ మీకు ముందునుంచీ తెలుసా?”

“తెలుసు.”

“ఎలా తెలుసు? మీకేమవుతుంది?”

జీపు కదిలింది. అది గేటు దాటి మలుపు తిరిగేదాకా వంటావిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది.

“నా కూతురు.”