లోపలి గాలి

పంతొమ్మిదో రోజు పొద్దున కరుణ ఆళ్లగడ్డలో బస్సెక్కి కూర్చోగానే నిద్రపోయింది. దిగాల్సిన చోటు దాటిపోయింది. కండక్టరు తట్టి లేపేసరికి నంద్యాల బస్టాండు. అక్కడి నుంచి ఆటోలో వెనక్కి వచ్చి, ఊరి బయట పాత పత్తి జిన్నింగు మిల్లు షెడ్డులోకి పరుగెత్తి, బల్ల ముందు కూలబడి హెడ్‌ఫోన్ తగిలించుకుంది.

"ఏందక్కా, పదైదు నిమిషాలు లేటు," అన్నాడు ఫిలిప్ లోపలి నుంచి. "తొందర్లేదులే. మేం యాడికీ పోలేదు."

కరుణ నవ్వలేదు. నవ్వడానికీ ఓపిక కావాలి.

షెడ్డు మధ్యలో నౌక ఉంది. మనుషుల్ని అంతరిక్షానికి తీసుకుపోయి, విమానంలా కిందికి దిగి, మళ్లీ పోయే రకం. ఇది ఎగరదు. నమూనా. కానీ ఎగిరేదానికి ఉండేవన్నీ దీనికీ ఉన్నాయి. పొట్ట కింద మంటను ఆపే నల్లటి పెంకులు. పైతొడుగు లోపల, గాలి చొరబడని ఇంకో గది. ఆ గదిలో ఫిలిప్, రమ్య. ముప్పై రోజులు తలుపు తీయకుండా వాళ్లు అందులోనే బతకాలి. వాడిన నీళ్లనే వడగట్టుకుని తాగాలి. వదిలిన ఊపిరినే శుభ్రం చేసుకుని పీల్చాలి.

కరుణ పనిలో చేరేటప్పటికే తలుపు మూసేశారు. బల్ల అద్దం కింద ఇద్దరి ఫోటోలూ ఉన్నాయి. మిగతా పరిచయమంతా గొంతులతోనే. ఫిలిప్‌ది చాగలమర్రి, నోరు ఊరుకోదు. రమ్యది బండి ఆత్మకూరు, అడిగితేనే మాట.

అరగంటకొకసారి కరుణ తెర చూసి పుస్తకంలో అంకెలు రాయాలి. కరెంటు, నీళ్లు, గాలి ఒత్తిడి. అన్నిటికంటే ముఖ్యం ఊపిరిలోంచి వచ్చే చెడ్డ గాలి. ఆ అంకె మూడు దాటకూడదు. పది దాటితే మత్తు కమ్ముతుంది. దాన్ని పీల్చుకునే డబ్బాను రోజూ పదింటికి మార్చాలి. ఆమె చెప్పందే లోపల ఒక్క మీట కూడా నొక్కకూడదు. అదీ నియమం.

రెండో మనిషి వస్తాడన్నారు. రేపు, ఎల్లుండి అంటూనే ఉన్నారు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా ఆమె ఒక్కతే. రాత్రిపూట తెరను ఆఫీసువాళ్లు చూసుకుంటారు. ఇంటికి పోయినా వదలరు. నిద్రలో రెండుసార్లు, మూడుసార్లు ఫోను చేసి, మధ్యాహ్నం నీళ్ల అంకె ఎంత అని అడుగుతారు.

"దేవుళ్ల బొమ్మలు చెక్కే నాకే ఆదివారం సెలవుండాది," అన్నాడు ఆ పొద్దున ఆమె బయల్దేరేటప్పుడు భర్త జోసెఫ్. ఆళ్లగడ్డలో రాతి పని అతనిది. "నువ్వు చర్చికి రాక మూడు వారాలాయె. ఆ పని మానుకో."

"ఇంగ పదకొండు రోజులే కదప్పా. లోపలున్నోళ్లు నా మాట మీదే బతుకుతాండారు."

మహాలక్ష్మి మేడమ్ ఈ ప్రయోగానికి పెద్ద. నంద్యాల ఆఫీసు నుంచి పొద్దున ఏడింటికి ఫోను చేశారు. "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు కరుణా?"

"మూడు, మేడమ్."

"అన్నం తిన్నావా?"

"తిన్నట్టే గుర్తు."

మంచి మనిషి, అనుకుంది కరుణ. అడిగేవాళ్లయినా ఉన్నారు.

మధ్యాహ్నం రేకుల వేడికి షెడ్డు పెనంలా కాలింది. రెండు గంటలప్పుడు ఫిలిప్ అన్నాడు, "అక్కా, తల దిమ్ముగా ఉండాది."

"నీళ్లు తాగు."

"తాగితి. రమ్య పండుకునింది. పిలిస్తే పలకల్యా."

కరుణ పుస్తకం వైపు చూసింది. చెడ్డ గాలి గడిలో రెండు. దాని కింద రెండు. దాని కిందా రెండు. పొద్దుటి నుంచి అదే అంకె, తన చేతిరాతే. తల ఎత్తి తెర చూసింది.

పదకొండు.

పదింటికి డబ్బా మార్చమని చెప్పాలి. గడిలో టిక్కు ఉంది. చెప్పినట్టు మాత్రం ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.

"ఫిలిప్! డబ్బా మార్చు. ఎడమ చేతి పక్కది. ఇప్పుడే!"

"యాడుందక్కా... కనపడల్యా..." మాట ముద్దగా వచ్చింది. ఆ తర్వాత ఏదో బరువుగా పడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆమె మేడమ్‌కు ఫోను చేసింది. "తలుపు తీస్తాండా మేడమ్. తప్పు నాదే. డబ్బా మార్పించలేదు."

"ఆగు," అన్నారు మేడమ్ నెమ్మదిగా. "తీస్తే పంతొమ్మిది రోజులూ మట్టిపాలు. నీ ఉద్యోగం కూడా. ఇంకో పది నిమిషాలు చూడు."

"పది నిమిషాలా? లోపల మనుషులుండారు మేడమ్!"

ఫోను బల్ల మీద పడేసి పరుగెత్తింది. తలుపు చక్రం బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో పట్టి, బరువంతా వేసి లాగింది. అరచేయి చీరుకుంది. ప్రభువా, ప్రభువా అంటూ మళ్లీ లాగింది. పంతొమ్మిది రోజుల అలసట ఎటు పోయిందో, చక్రం కిర్రుమని తిరిగింది. తలుపు తెరుచుకుంది.

లోపల, గది వెనక గోడకున్న మరో తలుపు బార్లా తెరిచి ఉంది, దాని గడప మీద కూర్చుని రమ్య టీ తాగుతోంది, ఫిలిప్ మాత్రం సీటులో నిటారుగా కూర్చుని, 'నిద్ర చాలని మనిషి ఏ రోజున పొరబడుతుంది?' అని పైన అచ్చేసిన కాగితం మీద, కరుణ పేరు కింద టైము వేసుకుంటున్నాడు.