గోడనెవరు వెతుకుతారు?

"పేజీ తెరుచుకునేలోపు పిల్లాడు రైలెక్కి వెళ్ళిపోయాడయ్యా!"

ఫోన్లో అరుస్తున్నది ఎక్కడో స్టేషన్లో సామాన్లు మోసే కూలీ. ప్లాట్‌ఫామ్ మీద ఒంటరిగా తిరుగుతున్న పిల్లాణ్ణి చూసి, అనుమానం వచ్చి, తప్పిపోయిన పిల్లల వెబ్‌సైట్ తెరిచాడు. ఫోటోలు రాలేదు. చక్రం తిరుగుతూనే ఉంది. ఈలోగా రైలొచ్చింది.

ఆ వెబ్‌సైట్ నడిపేది ఒక చిన్న ఆఫీసు. అందులో కంప్యూటర్ పని చూసే అతణ్ణి, పేజీ నడక పుణ్యమా అని, అందరూ తాబేలు అంటారు.

ఆఫీసు పెద్ద అయిన మేడం వచ్చి అతని బల్ల పక్కన నిలబడింది.

"ఫోటోలన్నీ తీసేద్దాం. పేర్లు మాత్రం పెడితే చటుక్కున తెరుచుకుంటుంది."

"చంటిపిల్లలకి పేరు చెప్పడం వస్తుందా మేడం? మొహం చూసే కదా ఎవరైనా పోల్చుకునేది!"

"నువ్వన్నదీ నిజమే. శుక్రవారం దాకా చూస్తాను. ఆ తర్వాత నా మాట వినాలి."

తాబేలు నడుం బిగించాడు. పాత ఫోటోలను వెబ్‌పీ అనే కొత్త ఫార్మాట్‌లోకి మార్చే ప్రోగ్రాం ఒకటుంది. ఫోటో అదే, బరువు మాత్రం బాగా దిగిపోతుంది. ఎంత దించాలో మనం చెప్పాలి. అతను కాస్త ఎక్కువే చెప్పాడు. ఫోటోలన్నీ గంపగుత్తగా మారిపోయాయి. పేజీ రెప్పపాటులో తెరుచుకుంది.

సంతోషం పట్టలేక ఈల వేశాడు.

"వీడి గాటు ఏమైంది బాబూ?"

వెనక్కి తిరిగితే, చేతిసంచీ పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. మేడం గది వైపు నుంచి వచ్చింది కాబట్టి మేడం చుట్టం అనుకున్నాడు.

"ఏం గాటండీ?"

"గుమ్మం దగ్గర బోర్డు మీద ఇదే ఫోటో ఉంది. అందులో వీడి గడ్డం కింద గాటుంది. ఇందులో లేదు."

పాత ఫోటో తెరిచి పక్కన పెట్టి చూశాడు. నిజమే, సన్నటి గాటు. బరువు దించే హడావిడిలో ప్రోగ్రాం దాన్ని చర్మంలో కలిపేసి నున్నగా చేసేసింది. ఒక పాపకి బుగ్గ మీద పుట్టుమచ్చ పోయింది. ఇంకొకడికి తెగిన కనుబొమ్మ అతుక్కుపోయింది.

తాబేలు పాత ఫోటోనీ కొత్తదాన్నీ మార్చి మార్చి చూశాడు.

"పేజీ తెరుచుకుంటోంది గానీ, పిల్లలు మళ్ళీ తప్పిపోయారండీ."

"ఒక్కొక్కటే చేద్దాం. నువ్వు దించు, నేను చూస్తాను" అని ఆవిడ కుర్చీ లాక్కుంది.

అలా మొదలైంది.

"దించు. ఇంకాస్త దించు. ఆఁ, ఆగు! మచ్చ చెదిరింది. కొంచెం వెనక్కి."

"వెనకాల గోడ మరీ అలుక్కుపోయింది పిన్నిగారూ."

"గోడనెవరు వెతుకుతారు నాయనా? కోసెయ్."

కోశాడు. సగం బరువు అక్కడే దిగింది. ఇంత చిన్న సంగతి తన బుర్రకెందుకు తట్టలేదా అని నవ్వుకున్నాడు.

ఆవిడ మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ముందుపన్ను ఊడిన పిల్లాడి ఫోటో దగ్గర చాలాసేపు ఆపింది.

"ఈపాటికి వీడికి కొత్త పన్ను వచ్చేసి ఉంటుంది కదా" అన్నాడు తాబేలు.

"వచ్చే ఉంటుంది. అయినా ఆ సందు పోనివ్వకు. వాళ్ళమ్మ వెతుక్కునేది దాన్నే."

ప్రతి ఫోటో ముందూ ఆవిడ కాసేపు కళ్ళు మూసుకునేది.

"నిద్రొస్తోందా పిన్నిగారూ?"

"లేదు బాబూ. కళ్ళు మూసుకున్నాక కూడా ఏది కనబడుతుందో, అది ఉంటే చాలు. మిగతాదంతా పోనీ."

అతను నోరెళ్ళబెట్టాడు. ఆవిడ ఆపమన్న చోట ఆపితే, వేలెడంత ఫోటోలోంచి కూడా పిల్లలు ప్రాణంతో చూస్తున్నారు. ఇన్నాళ్ళూ తను చూసింది ఫైళ్ళని. ఆవిడ చూస్తున్నది పిల్లల్ని.

మేడం అటుగా వెళ్తూ వాళ్ళిద్దరినీ చూసి, ఆవిడకి మంచినీళ్ళు పంపించింది.

గురువారం సాయంత్రానికి ఆఖరి ఫోటో అయింది. ఆవిడ పేజీని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసుకుంది.

"అందరూ ఉన్నారు" అంది. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం ఉదయం ఫోన్ మోగింది. మళ్ళీ ఆ కూలీయే!

"ఆ పిల్లాడు కాదు సార్, ఇంకో పాప. ఇలా నొక్కానో లేదో, ఫోటోలొచ్చేశాయి! బుగ్గ మీద మచ్చ చూసి పోల్చుకున్నా. నా పక్కనే కూర్చోబెట్టుకున్నా. వాళ్ళమ్మకి చెప్పండి సార్!"

ఆఫీసంతా ఎగిరి గంతేసినంత పని చేసింది. మేడం కళ్ళు తుడుచుకుంది.

"ముందు మీ పిన్నికి ఫోన్ చెయ్యవయ్యా! ఇది ఆవిడ చలవే."

"నా పిన్నేంటి మేడం? మీ చుట్టం కదా!"

"నా చుట్టమా? నీ మనిషనే కదా మంచినీళ్ళు పంపించాను!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రిసెప్షన్లో అమ్మాయి మెల్లగా లేచి వచ్చింది.

"ఆవిడ తప్పిపోయిన కూతురి కోసం వచ్చిందండీ. కాసేపు ఈ పిల్లల్ని చూస్తానంటే నేనే లోపలికి పంపాను."

తాబేలు గబగబా పేజీ తెరిచాడు. ప్రతి ఫోటో కిందా ఇంటివాళ్ళ ఫోన్ నంబరు ఉంటుంది. ఒక్కో మొహమూ దాటుతూ కిందికి వెళ్తున్నాడు. ఏ పిల్ల దగ్గర ఆవిడ గొంతు తడబడిందో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఎక్కడా తడబడలేదు.

"చెప్పమ్మా, ఇందులో ఆవిడ కూతురు ఎవరు?"

"అందులో లేదండీ" అంది ఆ అమ్మాయి. "ఫోటో పెట్టనిదే మన ఫారం ముందుకు కదలదు కదా. ఇల్లు కాలిపోయినప్పుడు, ఆవిడకి కూతురి ఫోటో ఒక్కటంటే ఒక్కటి కూడా మిగల్లేదట."