తెల్లారేసరికి తుప్పు

డబ్బా మూత తీయగానే కూతురికి ఒళ్లు మండింది. నిన్న తళతళలాడిన గాలాలు ఇరవై మూడూ మళ్లీ ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి.

"నిన్న నూనె కూడా రాశాం కదమ్మా!"

"సముద్రపు గాలి. ఏం చేస్తాం?" అంది తల్లి, వెనిగర్ గిన్నె తెచ్చి తండ్రి ముందు పెడుతూ.

తండ్రి నలభై ఏళ్లు పడవ మీద గాలం వేసిన మనిషి. రెండేళ్లుగా మతిమరుపు ఆయన్ని కొంచెం కొంచెంగా లాక్కుపోతోంది. నిద్ర లేస్తూనే భార్యను ఎవరో కొత్త మనిషిలా చూస్తాడు. "ఇంటికెళ్లాలి, మా ఆవిడ ఎదురుచూస్తుంటుంది" అంటూ తన ఇంట్లోంచే బయల్దేరతాడు.

తుప్పు పట్టిన గాలం చేతికిస్తే మాత్రం మనిషి తిరిగొస్తాడు.

"అరగంటకి మించి నాననివ్వకు బుజ్జీ. తుప్పుతో పాటు ఇనుమునీ తినేస్తుంది" అన్నాడు, పాత టూత్‌బ్రష్‌తో ముల్లు సందులో తోముతూ. "కడిగాక పొడిగుడ్డతో తుడవాలి. చుక్క తడి మిగిలిందా, పడ్డ కష్టమంతా నీళ్లపాలే." వంటింటివైపు తిరిగి కేకేశాడు. "ఒసేయ్ చిట్టీ, కుట్టుమిషను నూనె ఏదే?"

ఆ కేక కోసమే తల్లి నూనె సీసా పట్టుకుని తలుపు చాటున నిలబడి ఉంది.

పని ముగిసిన గంటకల్లా ఆ పేరు ఆయనకు గుర్తులేదు.

కూతురిది చెప్పుల దుకాణంలో ఉద్యోగం. పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు ఏరి తెచ్చింది. గాలి చొరబడని డబ్బా కొంది. అయినా మర్నాటికి తుప్పే. చివరికి విసిగిపోయి, అసలు తుప్పే పట్టని కొత్త గాలాలు తెచ్చింది. పాతవి చెత్తబుట్టలో వేయబోతే తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఉండనీవే."

"ఎందుకమ్మా? రోజూ నాన్నకి ఈ చాకిరీ!"

ఆ పొద్దున తండ్రి కొత్త గాలాలను అటూ ఇటూ తిప్పి చూశాడు. తోమడానికి ఏమీ లేదు. బల్ల మీద పెట్టేసి గుమ్మంవైపు నడిచాడు.

తల్లి గబగబా వెళ్లి భుజం పట్టుకుంది. "కూర్చోండి."

"చెయ్యి తియ్యమ్మా" అన్నాడాయన మర్యాదగా. "మా ఆవిడ చూస్తే బాధపడుతుంది."

తల్లి చెయ్యి తీసేసింది. "చూడదులెండి" అంది.

కూతురు ముఖం పక్కకు తిప్పుకుంది.

మర్నాడు బల్ల మీద పాత గాలాలే ఉన్నాయి, ఎర్రగా. తండ్రి తోమాడు, కసిరాడు, చిట్టీ అని పిలిచాడు. కూతురికి పంతం వచ్చింది. తనే దగ్గరుండి రెండు పూతల నూనె రాసి, పొట్లాలు వేసి, మూత బిగించి దుకాణానికి వెళ్లింది. ఈసారి తుప్పు ఎలా పడుతుందో చూద్దామనుకుంది.

దుకాణం దాకా వెళ్లాక తాళంచెవులు మర్చిపోయినట్టు గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. తండ్రి కుర్చీలోనే కునికిపాట్లు పడుతున్నాడు. వంటింట్లో కుళాయి చప్పుడు వినిపించి తొంగిచూసింది.

తల్లి ఆ గాలాలను సబ్బుతో జిడ్డు పోయేలా రుద్ది, ఒక్కొక్కటే ఉప్పునీళ్ల గిన్నెలో వేస్తోంది.