మెరక మీద ధార

"ఆగండాగండి! ఆ డబ్బా లోపలికి తేకండి!"

యేసుబాబు టెంటు కింది నుంచి పరుగెత్తుకొచ్చి మరీ అడ్డం నిలబడ్డాడు.

స్కూటరు దిగిన పెద్దాయన చేతిలో తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంది. ఊళ్ళో అందరూ డీజిలు తెచ్చుకునే డబ్బాల్లాంటిదే.

ఇవాళ ఊరికి పెళ్ళికళ వచ్చింది మరి! అసలే కాలువ చివరి ఊరు. అడుగున పారే నీళ్ళు తోడుకోవడానికి ఇన్నేళ్ళూ ఇంటింటా డీజిలు ఇంజన్లు దడదడలాడాయి. ఇక ఆ మోత లేదు, పొగ లేదు. మెరక మీద సోలారు పలకలు నిగనిగలాడుతున్నాయి. ఊరంతటికీ కలిపి పెద్ద మోటారు. కాసేపట్లో స్విచ్చి వేస్తారు. ఇవాళ చుక్క డీజిలు కూడా ఇటు రాకూడదని అందరూ ఒట్టు పెట్టుకున్నారు.

"ఈయన్ని నేనెరుగుదును. హనుమాన్ జంక్షన్ బంకు ఓనరు!" అన్నాడు యేసుబాబు.

జనం గొల్లున నవ్వారు.

"ఏమండీ, బేరాలు పోతాయని బెంగెట్టుకుని మీరే డోర్ డెలివరీకి వచ్చేశారా?"

పెద్దాయన కూడా నవ్వాడు.

"అయితే ఇక మా బంకుకి రారన్నమాట!"

"ఈ జన్మలో రాం!"

"మంచి మాట బాబూ. నేనొచ్చింది..."

"ఎందుకొస్తే మాకేం లెండి!" పద్మావతమ్మ అందుకుంది. "శుభమా అని మోటారు వేసుకుంటుంటే ఎదురుగా నూనె రావడమా! పని అయినట్టే! దాన్ని అవతలికి తీసుకెళ్ళండి ముందు."

నూనె ఎదురొస్తే ప్రయాణమే మానుకునే మనిషి ఆవిడ. డీజిలైతే మాత్రం నూనె కాదూ!

రైతుసంఘం ప్రెసిడెంటు జ్యోతిర్మయి గబగబా వచ్చింది.

"ఏమనుకోకండి బాబాయిగారూ. స్థలమిచ్చిన దాతగారు వచ్చే వేళయింది. ఆయన వచ్చి వెళ్ళాక రండి. భోంచేసి వెళ్దురుగాని."

ఆయన ఏదో చెప్పబోయాడు. పద్మావతమ్మ మొహం చూసి ఆగిపోయాడు.

"నారుమళ్ళు ఎలా ఉన్నాయమ్మా?"

"ఎండిపోతున్నాయండీ. ఇవాళ నీళ్ళు పారితేనే."

"పారతాయి. ధైర్యంగా ఉండు తల్లీ."

స్కూటరు తిప్పుకుని డొంకదారిన వెళ్ళిపోయాడు.

ఆ ధైర్యమే చాలడం లేదు జ్యోతిర్మయికి. ఆమె మాట మీదే ఊరంతా ఇంజన్లు అమ్మేసింది. బంకు దగ్గర డబ్బాలతో లైన్లో నిలబడ్డ రైతుల్ని అక్కడే పట్టుకుని నచ్చజెప్పిన మొండిపిల్ల!

అందరూ ఒప్పుకున్నారు గానీ, పలకలకి స్థలమేదీ? వరి పండే నేల ఎవరిస్తారు? రోడ్డు పక్కన ఎవరో బయటాయన కొని వదిలేసిన మెరక ఒక్కటే మిగిలింది. రామకోటేశ్వరరావు మాస్టారు వెళ్ళి ఆయన్ని ఒప్పించి వచ్చారు. ఆయన రెండే షరతులు పెట్టాడట. తన పేరు ముందుగా ఎవరికీ చెప్పకూడదు. నీళ్ళు ధారపోసి తన చేత్తో స్థలం అప్పగించాకే స్విచ్చి వేయాలి.

ముహూర్తం దగ్గరపడింది. దాత జాడ లేదు.

"మనసు మారిందేమో!" ఎవరో గొణిగారు.

"నీ నోట్లో మన్నుపడ! ఊరుకో!" కసిరాడు యేసుబాబు.

జ్యోతిర్మయి రోడ్డు వైపే చూస్తోంది. స్థలం చేతికి రాకపోతే పలకలు పీకాలి. ఇంజన్లా, లేవు. నారు మాడిపోతుంది. ఊరికి తన మొహం ఎలా చూపించాలి?

అప్పుడొచ్చారు మాస్టారు, గన్నవరం దగ్గర ట్రాఫిక్కుని తిట్టుకుంటూ.

"దాతగారేరీ?"

"రాలేదండీ."

"రాకపోవడమేమిటి! తెల్లారగట్టే బ్యారేజీ దగ్గరికెళ్ళి, ధారపోయడానికి కృష్ణ నీళ్ళు డబ్బాలో పట్టుకుని బయల్దేరానని నాకు ఫోన్ చేశాడే!"



యేసుబాబు తల పట్టుకున్నాడు. జ్యోతిర్మయి అప్పటికే డొంకవైపు పరుగెత్తుతోంది. వెనకే ఊరంతా.

మెరక వెనక హద్దురాయి దగ్గర నేల తడిగా ఉంది. తడి మీద రెండు తులసాకులు. పక్కన ఖాళీ డబ్బా. యేసుబాబు తీసి వాసన చూశాడు. కొత్తది. డీజిలు ముఖమెరగనిది.

మాస్టారు ఆ తడిమట్టి వేలితో తీసి కళ్ళకద్దుకున్నారు.

"పుచ్చుకోవడానికి మనం చెయ్యి పట్టలేదు. నేలకే ధారపోసి వెళ్ళాడు. ఇంకా చూస్తావేమ్మా, వెయ్యి స్విచ్చి!"

జ్యోతిర్మయి వేసింది.

పైపు రెండు గుటకలు మింగి, భళ్ళున నీళ్ళు కక్కింది! పిల్లలు కేకలు, ఆడవాళ్ళు చప్పట్లు, యేసుబాబు బోదె కాలువలోనే గంతులు. పొగ లేదు, చప్పుడు లేదు, నీళ్ళు మాత్రం నారుమళ్ళ మీదికి ఉరుకుతున్నాయి.

"నా నోరు పడిపోను! బంగారంలాంటి మనిషిని పొమ్మన్నానే!" పద్మావతమ్మ ఒకపక్క ఏడుస్తూ, ఒకపక్క నవ్వుతూ మోకాలిలోతు నీళ్ళలో నిలబడింది.

జ్యోతిర్మయి ఆ డబ్బా నిండా తొలి నీళ్ళు పట్టింది.

"బండి తియ్యండి మాస్టారూ! వీటితోనే ఆయన కాళ్ళు కడిగొద్దాం. క్షమించమని అడుగుదాం."

బండి ఎక్కుతుంటే ఆమెకు సందేహం వచ్చింది.

"పంట పండని ఈ మెరక అసలు ఆయనెందుకు కొన్నారండీ?"

 నీళ్ళు తాగుతున్న నారుమళ్ళ వైపు చూశారు మాస్టారు.

"లైన్లో నిలబడ్డ రైతులకి నువ్వు నచ్చజెప్పిన రోజు ఆయన బంకు లోపలే కూర్చుని అంతా విన్నాట్టమ్మా. అంతకు ముందే కొన్నాడు ఈ మెరక, మన ఊరి రైతుల కోసం ఇక్కడే రెండో బంకు పెడదామని."