ఏకాదశి కాపలా

బాలముని బొమ్మల కథలు చూసి పెరిగే పిల్లలు ఇచ్చిన మాట తప్పరని లోకమంతా నమ్ముతోంది. ఇప్పుడు ప్రతి ఇంటి గోడమీది తెరలోనూ బాలముని కదులుతూ, పిల్లల్ని పేరుపెట్టి పలకరిస్తున్నాడు. ఏకాదశి ఉదయం, "బామ్మ ఉపవాసం చెడనివ్వను" అని మనవరాలు హైమ చేత ఆయన ఒట్టు వేయిస్తుంటే సుభద్రమ్మ మురిసిపోయింది. ఆ మురిపెంలోనే, తిండి లేదన్న సంగతి మరచి, రోజూలాగే ఇన్సులిన్ సూది వేసుకుంది.

మధ్యాహ్నానికి ఆమెకు చెమటలు పట్టి కాళ్లు వణికాయి.

"తల్లీ, చెంచాడు పంచదార తెచ్చిపెట్టవే."

"అమ్మ దొంగ బామ్మా! డబ్బా ఎప్పుడో దాచేశాగా!"

"ఆటలు కాదే, కళ్లు తిరుగుతున్నాయి."

"ఆకలి మాయ అలాగే మాట్లాడిస్తుందని బాలముని చెప్పాడు. రేపు పొద్దున దాకా ఓర్చుకో బామ్మా."

సుభద్రమ్మ లేవబోయి కూలబడింది. గోడమీద బాలముని హైమను మెచ్చుకుంటూ పూలవాన కురిపించాడు.

సాయంత్రం కోడలు ఇంటికి వచ్చేసరికి సుభద్రమ్మ ఒళ్లు చల్లబడి ఉంది. ఉపవాసం చెడలేదు.